అతుకు పడేంత చోటు

రబ్బరు రింగుకు గ్రీజు పట్టించేటప్పుడు నేను కళ్లు మూసుకుంటాను. ఈ ఉదయం కూడా అలాగే మూసుకుని, వేలి కొసకు కందిగింజంత గ్రీజు తీసుకుని, రింగు చుట్టూ మెల్లగా తిప్పుతున్నాను. ముప్పావు వంతు తిరిగాక వేలికి ఏదో గరుకుగా తగిలింది. కళ్లు తెరిచి చూస్తే రింగు నల్లగా, నున్నగా, ఏ పాపమూ ఎరగనట్టు మెరుస్తోంది. మళ్లీ కళ్లు మూసుకుని వేలిని వెనక్కి జరిపాను. ఉంది. భూతద్దం కింద పెడితే తేలింది, ఒకే ఒక్క ఇసుక రేణువు. దాన్ని తుడిచేస్తుంటే మునిరత్నం చిన్నాయన గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది. "కన్ను శానా తొందరమనిషి పాపా. యేలు అట్ట కాదు, నిదానంగా పోతాది." నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. ఆయన పోయి రెండు వేసవులు దాటినా నాకు ఈ రెండూ ఇంకా జంటగానే వస్తున్నాయి.

ఆ రింగు సంగతి ముందే చెప్పాలి. నేను నీళ్ల అడుగున ఫొటోలు తీస్తాను. కెమెరాను నీళ్లలోకి తీసుకెళ్లాలంటే దాన్నొక గట్టి పెట్టెలో పెట్టి బిగించాలి. పెట్టె ముందు భాగంలో లెన్సు బయటికి చూడటానికి గాజు బిగించిన గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని చిన్నాయన 'మూతి' అనేవాడు. ఒక భాగం ఇంకో భాగంతో కలిసే ప్రతిచోటా నీళ్లు చొరబడకుండా ఒక రబ్బరు రింగు కాపలా కాస్తుంది. దాని మీద ఇసుక రేణువు పడినా, నూలుపోగు పడినా, తలవెంట్రుక పడినా అంతే సంగతులు. కెమెరా, లెన్సు అన్నీ గంగపాలు.

మునిరత్నం మాకు చుట్టం కాదు. మా నాయన కంటే నాలుగైదేళ్లు చిన్నవాడు కాబట్టి నేనే చిన్నాయనా అని వరస కలిపాను. తిరుపతిలో స్టేషనుకు దగ్గర్లో, లాడ్జీలు కిక్కిరిసిన ఒక వీధిలో, మిద్ది మీద ఒంటిగది ఆయన అంగడి. 'కెమెరాలు బాగు చేయబడును' అన్న బోర్డులో చివరి మాట ఎప్పుడో చెరిగిపోయింది. ఆయన పుట్టింది నగరిలో, మగ్గాల ఇంట్లో. కరెంటు మగ్గాలు వచ్చి ఇంట్లో చేతిమగ్గం మూలపడితే తిరుపతికి వచ్చి ఒక స్టూడియోలో ఫొటోలు కడిగే పనికి కుదిరాడు. అక్కడ చెడిపోయిన కెమెరాలను ఎవరూ చూడనప్పుడు విప్పి, ఎవరూ చూడకముందే బిగించేసి పని నేర్చుకున్నాడట. నుదుట మూడు వేళ్ల విబూది, బల్ల సొరుగులో విబూది డబ్బా, భుజాన నగరి ఎర్రగళ్ల తువ్వాలు. లెన్సు తుడవాలన్నా, చెమట తుడవాలన్నా ఆ గుడ్డే. వాళ్ల అక్క ఏటా పంపే తువ్వాళ్లను ముక్కలుగా చించి దొంతర పెట్టుకునేవాడు. దుకాణాల్లో అమ్మే లెన్సు గుడ్డలు తెచ్చిస్తే, "ఇవి నున్నగుంటాయి గానీ దుమ్మును పట్టవు పాపా, బుజ్జగిస్తాయంతే" అని తిరిగి నా చేతిలోనే పెట్టేవాడు.

నేను మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్లింది నీళ్లు తాగిన కెమెరాతో. మాది బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట. తోటలో బావి, బావిలో నేను. ఎండిన సొరకాయ బుర్ర వీపుకు కట్టి మా నాయన నన్ను అందులోకి తోసిననాటి నుంచి నాకు నేల కంటే నీళ్లే నచ్చాయి. పెద్దయ్యాక తిరుపతిలో పెళ్లిళ్లకు ఫొటోలు తీసే పనిలో చేరాను. ఒక ఆదివారం తోటకు వెళ్లి, స్టూడియో వాళ్ల చిన్న కెమెరాను రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి, బావిలో దూకాను. తెలివి అంటే నాదే మరి. మర్నాడు చిన్నాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి, స్టీలు గ్లాసు మీద వంచాడు. బొట్లు బొట్లుగా నీళ్లు పడ్డాయి.

"దీన్ని బాగుచేయించేదానికి తెచ్చినావా, దప్పిక తీర్చేదానికా?" అన్నాడు.

తల వంచుకుని నిలబడ్డాను. ఎవరిది, ఎంత, బుద్ధుందా అనే ప్రశ్నలు వస్తాయని నాకు తెలుసు. అప్పటికి స్టూడియోలో అవన్నీ పడి వచ్చాను. ఆయన మాత్రం గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో ముందుకు వంగి, "అది సరే. లోపల ఏం కనిపించింది?" అని అడిగాడు.

ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. బావి గోడ రాళ్ల సందుల్లో వేళ్లు తెల్లగా ఎలా వేలాడుతున్నాయో, ఎండ నీళ్లలోకి దిగి మెట్టుమెట్టుకూ రంగు ఎలా మార్చుకుందో, ఒక తాబేలు నన్ను చూసి కూడా లెక్కచేయకుండా ఎలా పోయిందో గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆయన పని ఆపి, చివరిదాకా విన్నాడు. నేను నీళ్ల అడుగున ఫొటోలు తీసే మనిషినయింది ఆ బావిలో కాదు. ఆ బల్ల ముందు, ఆ పావుగంటలో.

ఏడాది తర్వాత, పాత పెట్టె ఒకటి దొరికి నేను తిన్నగా పని మొదలుపెట్టినప్పుడు, ఆయన బీరువాలోంచి తువ్వాలు ముక్కలో చుట్టిన లెన్సు ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ఫోకసును చేత్తో తిప్పుకునే కాలం నాటిది. అతి దగ్గరి వస్తువులను పెద్దగా చూపించే రకం. దాంతో ఆయన ఇరవై ఏళ్లు ఒకటే పని చేశాడు. ఇంట్లో మనిషి పోతే జనం రేషన్ కార్డు మీదదో, గుంపు ఫొటోలో మూలన ఉన్నదో, గోరంత ముఖాన్ని పట్టుకుని వచ్చేవారు. దాన్ని ఈ లెన్సుతో తీసి, గోడకు తగిలించేంత పెద్దది చేసి ఇచ్చేవాడు. నగరి నుంచి తిరుపతి దాకా ఎన్ని ఇళ్లలో ఎన్ని దండల కింద ఈ లెన్సు చూసిన ముఖాలున్నాయో ఆయనకే లెక్క తెలియదు.

"ఇది పోయినోళ్లనే చూసి చూసి అలిసిపోయిండాది పాపా. నువ్వు తీసుకుపోయి బతికిండేవాటిని చూపించు," అన్నాడు.

ఇవ్వడమంటే అలా ఇచ్చాడు. తన దగ్గర ఉన్న ఒకే ఒక్క సొంత లెన్సు అది. నేను వద్దనలేదు. వద్దంటే బాగుండేదేమో కానీ నాకు అంత మర్యాద అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు.

ఆయనకొక పంతం ఉండేది. వేరే ఊళ్లో ఒక మెకానిక్ కెమెరా పాడుచేసి ఆ తప్పును ఇచ్చిన మనిషి మీదికే తోసేశాడని ఎవరో చెప్పిన రోజు ఆయనకు కోపం రావడం చూశాను. "చేసినోడు చేసినా అని చెప్పాల. నా చేత్తో ఒకరి సామాను చెడిపోయిందంటే, ఆ పొద్దే ఈ తలుపుకు తాళమేసి నగరికి ఎళ్లిపోతా," అన్నాడు. మధ్యాహ్నం అన్నం క్యారియర్ తెచ్చిన ధనమ్మ పిన్ని, ఆయన భార్య, మెట్ల దగ్గర నన్ను ఆపి మెల్లగా అంది. "ముప్పై ఏండ్లుగా ఇదే మాట. అంతపనీ చేస్తాడు గూడా. ఆ బల్ల ముందర కూసోకుండా ఈయన ఆర్నెల్లు బతకడమ్మా. నాకు తెలుసు." ఆ మాట నేను మరిచిపోలేదు. తర్వాత నేను చేసిందానికంతా అదే కారణం.

నాలుగేళ్లకు నా పాత కెమెరా చేతులెత్తేసింది. చెన్నైలో ఒకాయన నీళ్లలో దిగడం మానేసి పెట్టెతో సహా కెమెరా అమ్ముతున్నాడని తెలిసి, చిన్నాయనకు చెప్పకుండా వెళ్లి తెచ్చేశాను. చెప్తే ఆలోచించమంటాడు. ఆలోచించడం నాకు చేతకాదు. ఇంటికి వచ్చాక చూసుకుంటే ఏముంది, కొత్త కెమెరా ఒక కంపెనీ, చిన్నాయన లెన్సు ఇంకో కంపెనీ. ఒకటి ఇంకోదానికి బిగవదు. తిరుపతిలో అడిగాను, చిత్తూరులో అడిగాను. "పడదు మేడమ్, కంపెనీ వేరే. లెన్సు కూడా ఇదే కంపెనీది కొనుక్కోండి," అన్నారు అందరూ. వారం రోజులు చిన్నాయనకు ముఖం చాటేసి, ఎనిమిదో రోజు రెండూ సంచిలో వేసుకుని మెట్లెక్కాను.

"ముఖం అట్ట పెట్టుకోవద్దు," అన్నాడు రెండింటినీ చేతుల్లోకి తీసుకుని. "ఇది దీని మీద కూసోదని ఏడస్తాండావు. అంతే గదా?"

కొలత స్కేలు తీసి కెమెరా నోటిలో పెట్టి కొలిచాడు. కాగితం మీద రెండు గీతలు గీశాడు. "సూడు. నీ పాత కెమెరా లోపల ఒక అద్దం ఉండాది. నువ్వు బటను నొక్కినప్పుడల్లా అది పైకి ఎగరాల. ఎగరాలంటే చోటు కావాల. అందుకని లెన్సును రవంత దూరంగా కూసోబెట్టినారు. ఈ కొత్తదాంట్లో ఆ అద్దం లేదు. లెన్సును దగ్గరికి లాక్కున్నారు. అంటే నీ పాత లెన్సుకు కావాల్సిన దూరం కంటే ఇది దగ్గరగుండాది. మద్దెలో చోటు మిగిలింది. ఆ మిగిలిన చోట్లోనే అతుకు పడతాది."

బయట అందరూ అడాప్టర్ అనేదాన్ని ఆయన అతుకు అనే అనేవాడు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పురిపెట్టి కలుపుతారు. వేల పోగులు, ఒక్కటి తప్పినా గుడ్డలో గీత పడుతుంది. చిన్నతనంలో వాళ్లమ్మ పక్కన కూర్చుని వేళ్లకు విబూది అద్దుకుని ఆ పోగులు అతికేవాడట. అతుకు వేలికి తగలాలి గానీ కంటికి ఆనకూడదు, అది ఆ పనికి లెక్క.

"మరి ఈ కొత్త కంపెనీ లెన్సును పాత కెమెరాకు పెట్టాలంటే?" అన్నాను.

"పడదు. చోటుంటే గదా పడేదానికి?"

"మనుషులు కూడా ఇంతేనా చిన్నాయనా?" అన్నాను వేళాకోళంగా.

"నేను లెన్సు గురించి చెప్తాండా. నువ్వు మనుసుల దాకా పోవద్దు," అని కసిరాడు.

అతుకు తెప్పించాం. లెన్సు కెమెరా మీద బుద్ధిగా కూర్చుంది. ఫోకసు దానంతటది చేసుకోదని నేను గొణిగితే, "కలక నీళ్లలో అది చేసుకున్నా తప్పే చేసుకుంటాది. ఒక దూరానికి పెట్టేసి, నువ్వే ముందుకూ ఎనక్కూ పో. బొమ్మను తేటగా చూపించేది నీ కదలికే," అన్నాడు. అది నిజమని తర్వాత తెలిసింది. అసలు చిక్కు పెట్టెలో వచ్చింది. అతుకు ఎంత మందమో లెన్సు అంత ముందుకు జరిగింది కదా, ముక్కు వెళ్లి గాజుకు కొట్టుకుంటోంది. మూతినీ అంతే ముందుకు జరపాలి. రేణిగుంట దారిలో ఒక లేత్ షాపులో, పెట్టెకూ మూతికీ మధ్య బిగించడానికి, అల్యూమినియం కడియం చేయించాడు. మూడుసార్లు వెనక్కి పంపాడు. నాలుగోది వేలితో చుట్టూ తడిమి, మాట్లాడకుండా సంచిలో వేసుకున్నాడు. ఆయన మాట్లాడకపోవడమే మెచ్చుకోలు.

పెట్టెను పరీక్షించడానికి ఆయనదొక పద్ధతి. లోపల కెమెరా పెట్టకుండా ఎర్రగళ్ల తువ్వాలు ముక్క మడిచి పెట్టి, మూసి, పెరట్లో సిమెంటు తొట్టిలో ముంచి, పైన రాయి పెట్టేవాడు. గంట తర్వాత తెరిస్తే గుడ్డ మీద చుక్క తడి కనిపించకూడదు. మా కడియంతో మూడు రోజులు, రోజుకోసారి ముంచాడు. మూడుసార్లూ గుడ్డ పొడిగా వచ్చింది. నాలుగోనాటి ఉదయం గుడ్డ తీసేసి, కెమెరా పెట్టి, తన చేతులతోనే మూసి నాకిచ్చాడు. "పద. నేనూ వస్తా. నా లెన్సు ఏం చూస్తాదో సూడాల," అన్నాడు.

పులికాట్ దగ్గర సముద్రం నీళ్లు సరస్సులోకి వచ్చే చోట, ఆటు తిరిగే వేళ కాసేపు నీళ్లు తేటపడతాయి. మాకు తెలిసిన మనిషి పడవ వేశాడు. చిన్నాయన చొక్కా చేతులు మడిచి, పడవ అంచు గట్టిగా పట్టుకుని, పెళ్లికూతురిని సాగనంపే మనిషిలా కూర్చున్నాడు. నేను ఊపిరి బిగబట్టి దిగాను. అడుగున గడ్డి. గడ్డిలో చిటికెన వేలంత రొయ్య. కడుపు కింద గుడ్ల గుత్తి. కాళ్లతో వాటికి విసురుతోంది, ఉక్కపోతలో చంటిబిడ్డకు తల్లి విసిరినట్టు. ముందుకు జరిగాను, వెనక్కి జరిగాను, మళ్లీ రవంత ముందుకు. ఒక్క క్షణం ఆ కన్ను, ఆ గుడ్లు, గుడ్లలో నల్లటి చుక్కలు, అన్నీ కత్తిలా కనిపించాయి. నొక్కాను. రెండోసారి నొక్కబోతుంటే గాజు వెనక, లోపలి వైపు, వంకరగా ఒక నీటి గీత లేస్తోంది.

పైకి వచ్చేసరికి పెట్టె సగం నిండింది. "మూతి కిందికి పెట్టు, కిందికి!" అని అరిచాడు చిన్నాయన. పడవలోకి ఎక్కి క్లిప్పులు విప్పాను. "మంచినీళ్లు కావాల, ఉప్పు కడగాల," అంటూ ఆయన తాగేనీళ్ల క్యాను కోసం పడవ ఆ చివరికి పాక్కుంటూ వెళ్లాడు. అప్పుడు చూశాను. రబ్బరు రింగు మీద అడ్డంగా ఒక పోగు. ఎర్రది. తువ్వాలుది.

నీళ్లు రాకూడదని పెట్టిన గుడ్డే నీళ్లను పిలిచింది. అది తీసిన చెయ్యి, చూసి మూసిన కన్ను ఆయనవి. పగలు, ఎండలో, అంత ఎర్రగా ఉన్న పోగును పోగుల మధ్యే పుట్టిన మనిషి ఎలా చూడలేదు? ఆలోచించడం నాకు చేతకాదన్నాను కదా. లాగేశాను. తెగి సగమే వచ్చింది. దాన్ని పడవలో పెట్టిన నా ఫోనుకూ దాని కవరుకూ మధ్య దూర్చి, నా తడిజడలోంచి ఒక వెంట్రుక పీకి పట్టుకున్నాను.

"ఏంది? ఏం దొరికింది?" అన్నాడు వెనక్కి వస్తూ.

"నా వెంట్రుక చిన్నాయనా. రింగు మీద పడింది. నాదే తప్పు."

చెయ్యి చాపాడు. ఆ వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాసేపు నలిపి, గాలిలో వదిలేశాడు. "ఏమ్మే, ఇంత జడేసుకొని నీళ్లలో దిగితే ఇంతే మల్ల. పోయి కొండకిచ్చేసి రా," అన్నాడు. గొంతులో కోపం లేదు. తాళం పడదు, అనుకున్నాను.

కెమెరా పోయింది. లెన్సును ఆయన ఎండనివ్వలేదు. "ఎండితే ఉప్పు గట్టిపడతాది. మంచినీళ్లలోనే ఉండాల, ఇంటికి పోయినంతసేపూ." పడవ మనిషి ఇచ్చిన ప్లాస్టిక్ బకెట్లో నీళ్లు పోసి, అందులో లెన్సు ముంచి, బస్సులో నా ఒడిలో పెట్టుకున్నాను. కండక్టరు తొంగి చూసి, "ఏం చేపమ్మా అది?" అన్నాడు. చిన్నాయన ముఖం అటు తిప్పకుండానే, "గాజు చేప. ముల్లుండదు," అన్నాడు. తిరుపతి వచ్చేదాకా, గుంత వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి నా చెయ్యి మీదుగా వచ్చి బకెట్ అంచును పట్టుకునేది.

మర్నాటి నుంచి లెన్సు విప్పడం మొదలైంది. నిజం చెప్పాలంటే విప్పింది నేను. "నువ్వు చూడు, నేను పట్టుకుంటా," అన్నాడు. మొదట అది నాకు పని నేర్పడమే అనుకున్నాను. మూడో రోజు ఒక స్క్రూ ఆయన మోచేతి పక్కనే, తెల్లకాగితం మీద ఉంటే, బల్లంతా తడుముతున్నాడు. కాఫీ గ్లాసు కూడా అంతే. ఎదురుగా ఉంటే అందుకుంటున్నాడు. పక్కన ఉంటే ఆయనకు అది లోకంలోనే లేదు. ఎర్ర పోగు ఎందుకు కనిపించలేదో అప్పుడు తెలిసింది. ఆయన మూసేటప్పుడు లెన్సునే చూశాడు, అంచును కాదు. అంచులు ఆయనకు ఎప్పుడో పోయాయి.

పోట్లాడి కంటి ఆసుపత్రికి తీసుకెళ్లాను. నీటికాసులు అన్నారు డాక్టరు, కంట్లో నీటి ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి పోతుందట. పోయిన చూపు రాదు, ఉన్నది నిలవడానికి చుక్కల మందు. బయట బెంచీ మీద ధనమ్మ పిన్ని కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంటే, ఆయన నా వైపు తిరిగి, "నా పెట్టెలోకి గూడా నీళ్లొచ్చినాయంట పాపా," అన్నాడు. నేను నవ్వలేకపోయాను. ఆయన మాత్రం నవ్వాడు.

లెన్సు బతికింది. లోపల ఒక మూల గోరంత మరక మిగిలిందంతే. చివరి స్క్రూ బిగించి, కిటికీ వైపు పెట్టి చూస్తే కొండ అంచు మీద చెట్లు విడివిడిగా కనిపించాయి. మర్నాడు నేను ఆ కొండే ఎక్కి తల నీలాలు ఇచ్చేశాను. ఆయన కళ్ల కోసమా, నా అబద్ధాన్ని నిజం చేసుకోవడానికా అని అడిగితే, రెండింటికీ. నడుం దాకా ఉన్న జడ. మా అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు.

గుండుతో మెట్లెక్కి ఎప్పటిలా బల్ల ఇవతల కూర్చున్నాను. ఆయన తల ఎత్తి చూసి, నమ్మకం లేక, చెయ్యి చాపి నా నెత్తి మీద పెట్టాడు. గంధం రాసిన గుండు చల్లగా ఉండి ఉంటుంది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ఇదేంది పాపా?"

"నువ్వే కదా కొండకిచ్చేసి రమ్మన్నావు."

ఆయన సొరుగు లాగి, విబూది డబ్బా పక్కనున్న ఫిల్ము డబ్బా తీసి, మూత విప్పి, నా అరచేతిలో బోర్లించాడు. అంగుళం పొడవున ఎర్ర పోగు.

"లెన్సు విప్పిన మర్నాడు కడియం గాడి కడగతా ఉంటే యేలికి తగిలింది," అన్నాడు. "వెంట్రుకకు పురి ఉండదు పాపా."

"తెలిసీ... తాళం వేసేస్తావని భయపడ్డాను," అన్నాను.

"ఎయ్యాలనే లేచినా. తాళం చెయ్యి గూడా తీసుకున్నా. సూస్తే నువ్వు ఈ పక్క కూసోని స్క్రూలు వరసగా పెట్టుకుంటాండావు. లెన్సు ఇంకా సగం విప్పే ఉండాది. సగంలో నిన్ను ఇడిసిపెట్టి యాడికి పోయేది? నువ్వు నాకోసరం అబద్ధం చెప్పినావు. నేను నీకోసరం మాట తప్పినా. సరిపాయె." కళ్లు తుడుచుకున్నాడు, అదే తువ్వాలుతో. "జడ మాత్రం అన్యాయంగా పాయె. అది నా నోటి దూల."

అప్పుడు ఏడ్చాను, గుండు బల్లకు ఆనించి. ఆయన నన్ను ఏడవనిచ్చి, "నీ ముక్క యాడ?" అని అడిగాడు. ఫోను కవరు తీసి మిగతా సగం ఇచ్చాను. వేళ్లకు విబూది అద్దుకున్నాడు. రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి, ముఖం కిటికీ వైపే ఉంచి, బొటనవేలితో ఒక్క తోపు తోశాడు. ఒకటే పోగు అయింది.

"యాడుండాది అతుకు? సూడు."

చూశాను. భూతద్దం పెట్టి చూశాను. లేదు.

"కండ్లు మూసుకో."

మూసుకుని వేళ్ల మధ్య లాగాను. సగం దారిలో, ఊపిరంత చిన్నగా, ఏదో తగిలి పోయింది. "ఇదిగో!" అని అరిచాను.

"ఇంక నువ్వు ఈ పక్కకు రా," అని లేచాడు. తన కుర్చీ చూపించి, తాను చుట్టూ తిరిగి వచ్చి నేను కూర్చునే స్టూలు మీద కూర్చున్నాడు. అంతే, తాళం పడలేదు. ఆ తర్వాత ఆర్నెల్లు కాదు, మూడేళ్లు రోజూ వచ్చాడు. ధనమ్మ పిన్ని ఇద్దరికీ క్యారియర్ తెచ్చేది. నేను విప్పేదాన్ని, ఆయన తడిమి చెప్పేవాడు. పాడైన కెమెరాలోంచి కార్డు ఒకటే దక్కింది. అందులో రొయ్య ఫొటోను కంప్యూటర్లో పెద్దది చేసి చూపిస్తే, ఒకేసారి అంతా కనిపించక, తలను కొద్దికొద్దిగా జరుపుకుంటూ, గుడ్లను ఒక వరస తర్వాత ఒక వరస చూశాడు. పావుగంట పట్టింది. "బతికిండాయి," అన్నాడు చివర్లో. నేను ఎప్పుడు నీళ్లలోంచి వచ్చినా మొదటి మాట అదే అడిగేవాడు, లోపల ఏం కనిపించిందని. చూపు మొత్తం పోయాక ఇంకా ఎక్కువ అడిగేవాడు.

ఇప్పుడు ఆ కుర్చీలో నేనే ఉన్నాను. ఎదురుగా స్టూలు ఖాళీగానే ఉంటుంది, వచ్చినవాళ్లను వేరే కుర్చీలో కూర్చోమంటాను. జడ మళ్లీ నడుం దాకా పెరిగింది. కొత్త కంపెనీలు వచ్చాయి, కొత్త బిగింపులు వచ్చాయి. ఇది దానికి పడుతుందా మేడమ్ అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. నేను స్కేలు తీసి, ముందు చోటుందేమో కొలుస్తాను. ఎర్ర పోగు ఫిల్ము డబ్బాలోనే ఉంది. నీళ్లలో దిగే ప్రతి రోజూ పెట్టె మూసేముందు దాన్ని తీసి, కళ్లు మూసుకుని, వేళ్ల మధ్య ఒకసారి లాగుతాను. అతుకు తగలని రోజు దిగకూడదని నియమం పెట్టుకున్నాను. ఇంతవరకూ తగలని రోజు రాలేదు. ఈ ఉదయం కూడా తగిలింది.